రెండో ముక్క

అనకాపల్లి బెల్లం మార్కెట్లో సత్యరాజు పేరు కన్నా సత్యరాజు చెయ్యి ఎక్కువమందికి తెలుసు. పేరు చెబితే తెల్లమొహం వేసే రైతు కూడా "సాప తడిమే కొలగారు" అనగానే, ఆయన ఏ కొట్టు ముందు ఉంటాడో చెప్పేవాడు.

రైతులు తెచ్చిన బెల్లం దిమ్మల్ని బండి దించి, రంగు చూసి విడదీసి, చాపల మీద వరసగా పేర్చి, అమ్మకం అయ్యాక కాటా వేయించే మనిషిని ఆ మార్కెట్లో కొలగారు అంటారు. షావుకారు వరస వెంట నడుస్తూ తనకు నచ్చిన దిమ్మ అంచు నుంచి చిన్న ముక్క విరిచి నోట్లో వేసుకుంటాడు. ధర చెబుతాడు. రైతు సరేనంటే కొలగారు నడుముకి కట్టుకున్న డబ్బాలోంచి వేలితో సున్నం తీసి, మొదటి దిమ్మ మీద ఒక గీత గీస్తాడు. గీత పడ్డాక ఆ వరసలో ఎవరూ రెండో ముక్క విరవకూడదు. ఎక్కడా రాసిపెట్టలేదు గానీ, ఆ కట్టుబాటును దాటినవాడు లేడు. గీత పడిన సరుకులో మళ్ళీ ముక్క విరిచారంటే ఆ గీత గీసిన కొలగారిని నలుగురిలో దొంగ అన్నట్టే.

అందుకని సత్యరాజు గీత గీసే ముందు ఒక పని చేసేవాడు. ముక్క ఎంత బాగున్నా సరే, వంగి, దిమ్మ అడుక్కీ చాపకీ మధ్య చెయ్యి దూర్చి తడిమేవాడు. పాకం సరిగ్గా కాగని దిమ్మ పైకి గట్టిగా, పసుపుపచ్చగా, ముచ్చటగా ఉంటుంది. లోపలి మెత్తదనం మాత్రం ఎన్నాళ్ళో దాగదు. కిందికి కారి చాపకి అంటుకుంటుంది. చేతికి జిగురు తగిలిందా, ఇక సత్యరాజు సున్నం డబ్బా మూత తెరుచుకోదు. రైతు బతిమాలినా, షావుకారు కసిరినా అంతే.

పుట్టింది రోలుగుంట పక్కన కొండ దిగువ ఊళ్ళో. మీసాలు రాకముందే అనకాపల్లి వచ్చి బస్తాలు మోశాడు. నాతవరం అమ్మాయి అప్పలనర్సమ్మని చేసుకున్నాడు. ఇద్దరూ బాప్తిస్మం తీసుకున్నది పెళ్ళయ్యాకే. చదువు అంతంతమాత్రమైనా, మార్కెట్లో చేతికి ఉన్న నమ్మకమే మందిరంలో మాటకీ వచ్చింది. నలభై దాటేసరికి సంఘ పెద్ద అయ్యాడు. తాగడు, బాకీ పడడు, అబద్ధం ఆడడు. ఒకే ఒక్క తెగులు ఉంది ఆయనకి. ఒకసారి నోరు దాటిన మాటని వెనక్కి తీసుకోవడం ప్రాణం పోయినంత పని. భార్యతో కూర విషయంలో ఓడిపోయినా, ఆ ఓటమిని ఒప్పుకోకుండా ఆ కూరే కలుపుకుని తినేవాడు.

రెండువేల నాలుగో సంవత్సరం ఎండాకాలంలో ఆయనకి ఒంటికి పోవడం ఇబ్బంది అయింది. వరస పేర్చడం సగంలో వదిలేసి గోడౌను వెనక్కి పోవడం, అక్కడ నిలబడి నిలబడి వచ్చాక అయిదు నిమిషాలకే మళ్ళీ పోవడం. తోటి కొలగారు సత్తియ్య ఊరుకునే రకం కాదు.

"ఏటి మామా, గోడౌను ఎనక్కాల కొత్త కొట్టేటన్నా తెరిసేవా?" అనేవాడు.

అందరూ నవ్వేవారు, సత్యరాజు కూడా నవ్వేవాడు. నవ్వనిది సత్యరాజు పనిచేసే కొట్టు షావుకారు శ్రీరామచంద్రమూర్తి ఒక్కడే. ఆయన అన్నగారు అదే బాధతో ఆలస్యంగా ఆసుపత్రికి వెళ్ళి తిరిగిరాలేదు. శ్రీరామచంద్రమూర్తి కూతురు కన్యక విశాఖపట్నంలో పెద్ద డాక్టరు చదువు చదువుతోంది. మనుషుల ఒంట్లోంచి తీసిన కండ ముక్కల్ని మైక్రోస్కోపు కింద పెట్టి జబ్బు తేల్చే చదువు. సత్యరాజు ఆ పిల్లకి చిన్నప్పుడు బెల్లం చెక్క చేతిలో పెట్టి, వరసల మధ్య నడిపించినవాడే.

"అమ్మాయి దగ్గరికెళ్ళు. ఏ డాక్టరుకి చూపించాలో తనే చూసుకుంటుంది" అన్నాడు షావుకారు. ఆయన మాట కాదనలేక వెళ్ళాడు.

మూత్రాశయం కింద మగవాళ్ళకి ఉండే ప్రోస్టేట్ గ్రంథి వాచిందన్నారు. రక్తం తీశారు. ఆ గ్రంథి తయారుచేసే ఒక ప్రోటీన్ రక్తంలో ఉండాల్సిన దానికన్నా చాలా ఎక్కువ ఉందన్నారు. ఈ మాట ఇంటికి చేరేసరికి అప్పలనర్సమ్మ కోడిగుడ్లూ పప్పూ చేపలూ అన్నీ మానిపించింది. ఇంట్లో వారంరోజులు చింతపండు చారే. కన్యక ఫోనులో ఈ సంగతి విని, తినే ప్రోటీన్ వేరు, ఇది వేరు అని చెప్పేసరికి ఆ ఇంటికి మళ్ళీ చేపలు వచ్చాయి.

తర్వాత సూదితో గ్రంథిలోంచి ముక్కలు తీశారు. ఆ సూది ఎటువైపు నుంచి పోతుందో ఇక్కడ రాయక్కర్లేదు. మగవాడు పెళ్ళాంతో కూడా చెప్పుకోలేని వైపు నుంచి. సత్యరాజు కళ్ళు మూసుకుని, పళ్ళు బిగించి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. అలాంటి అవమానం తన జన్మలో ఎరగడు.

ముక్కలన్నీ మంచివే అని రిపోర్టు వచ్చింది. ఎందులోనూ కాన్సర్ లేదు.

ఆ ఆదివారం సత్యరాజు మందిరంలో సాక్ష్యం చెప్పాడు. మేలు పొందినవాడు లేచి నిలబడి, అందరి ఎదుటా దేవుడు చేసింది చెప్పుకుని, సంఘానికి భోజనం పెట్టడం వాళ్ళ పద్ధతి. ఆయన గట్టిగా, నిదానంగా చెప్పాడు. ప్రభువు నన్ను ముట్టాడు, ముక్క విరిచి చూశారు, ఎక్కడా మచ్చ లేదు, నేను శుద్ధుణ్ణి అన్నాడు. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకున్నారు. పాస్టరు గారు ఆయన తలమీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. బావమరిది ఇమ్మాన్యుయేల్ నాతవరం నుంచి వచ్చి, మాంసం కూర కలియబెడుతూ, వచ్చినవాళ్ళందరికీ మా బావ, మా బావ అని చెప్పుకుని మురిసిపోయాడు. అతనికి అక్క తర్వాత అంతటివాడు బావే.

మూడు నెలలకి మళ్ళీ రక్తం చూపించమన్నారు కదా అని వెళ్ళి ఇచ్చాడు. ప్రోటీన్ తగ్గలేదు, ఇంకా పెరిగింది. సూదితో మళ్ళీ ముక్కలు తియ్యాలి అన్నాడు అక్కడి డాక్టరు.

సత్యరాజు ఆ మాట విని బస్సెక్కి ఇంటికి వచ్చేశాడు.

కన్యక సెలవుకి వచ్చినప్పుడు కొట్టు ముందు అరుగు మీద ఆయన్ని పట్టుకుంది. మధ్యాహ్నం, మార్కెట్ పలచబడిన వేళ. ఆయన చేతులు కడుక్కుంటున్నాడు.

"సత్యరాజు గారూ, మళ్ళీ రాలేదేం?"

"అయిపోయింది కదా అమ్మాయిగారూ. ముక్కలు బాగున్నాయని మీరే సెప్పేరు."

"తీసినవి బాగున్నాయి. గ్రంథి అంతా తియ్యలేదు కదా. సూది తగలని చోట ఉండొచ్చు."

"అలగంటే ఎన్నిసార్లయినా గుచ్చుతానే ఉండొచ్చు. గీత పడిపోయింది. గీత పడ్డాక రెండో ముక్క ఇరవరు."

కన్యకకి ఆ కట్టుబాటు తెలుసు. ఆ అరుగు మీద పెరిగిన పిల్ల. అందుకే కోపం తెచ్చుకోకుండా, తను చదువుతున్నది ఏమిటో చెప్పింది. మంచిగా ఉన్న గ్రంథిలోనూ జబ్బు చేసిన గ్రంథిలోనూ ఆ ప్రోటీన్ ఏ మేరకు ఉంటుందో కొలిచి, పక్కపక్కన పెట్టి చూడటమే తన పని అంది. మంచి గ్రంథిలో అది నిండుగా ఉంటుంది. గోడలు గట్టిగా ఉంటాయి కాబట్టి రక్తంలోకి వచ్చేది చాలా కొంచెం. జబ్బు చేసిన చోట గోడలు విరుగుతాయి. అప్పుడు గ్రంథిలో తరిగిపోతుంది, రక్తంలో పెరుగుతుంది. కాన్సర్ లేకుండా వట్టి వాపుకి కూడా పెరగొచ్చు, కానీ ఇలా ఆగకుండా పెరుగుతూ పోతుంటే ఊరుకోకూడదు.

"లోపల తరుగుతోందంటే బయటికి కారుతోందని అర్థం. మీకు నేను చెప్పాలా?" అంది.

చెప్పక్కర్లేదు. ఆ మాట ఆమె నోట్లోంచి రాకముందే ఆయన అరచెయ్యి చాప మీది జిగురుని తాకినట్టు ముడుచుకుంది. ఆ క్షణంలో ఆయనకి అంతా తెలిసిపోయింది. తెలిసినా తల తిప్పుకున్నాడు. సంఘం ఎదుట శుద్ధుణ్ణి అని చెప్పినవాడు మళ్ళీ సూదికి పడుకుంటే ఆ సాక్ష్యం ఏమవుతుంది? ఇన్నాళ్ళూ ఆయన మాటకి తలవంచిన మనుషులు రేపు ఏమంటారు? ప్రాణం మీద తీపి లేదని కాదు. ఆ మాట మీద తీపి ఇంకా ఎక్కువ.

"దేవుడున్నాడమ్మా" అని తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. దేవుడు ఉన్నాడు, నిజమే. సత్యరాజు కాపాడుకుంటున్నది మాత్రం దేవుణ్ణి కాదు, తన మాటని.

ఏడాది గడిచింది, ఇంకా కొంత గడిచింది. నడుము నొప్పి మొదలైంది. దిమ్మలు ఎత్తే నడుముకి నొప్పి రాక ఏం వస్తుంది అనుకున్నాడు. అప్పలనర్సమ్మ రోజూ వేణ్ణీళ్ళ కాపడం పెట్టేది. నొప్పి ఎముకలోకి దిగుతోందని ఆమె చేతికి తెలిసేది గానీ, ఆసుపత్రి మాట ఎత్తితే ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు.

ఆ చలికాలమే ఇమ్మాన్యుయేల్‌కి కూడా అదే ఇబ్బంది మొదలైంది. అతను నాతవరంలో దర్జీ. యాభై దాటాయి. అక్క పోరగా పోరగా విశాఖ వెళ్ళి చూపించుకుంటే, రక్తంలో ప్రోటీన్ ఎక్కువుంది, తీసిన ముక్కలు మాత్రం మంచివే అన్నారు. కొన్నాళ్ళకి మళ్ళీ రక్తం చూసి, మళ్ళీ ముక్కలు తియ్యాలి అన్నారు. ఇమ్మాన్యుయేల్ నవ్వి ఊరుకున్నాడు. బావకీ ఇలాగే చెప్పారు, బావ వెళ్ళాడా? రాయిలా ఉన్నాడు. వచ్చే నెలలో నేనూ అదే మందిరంలో సాక్ష్యం చెప్పి భోజనం పెడతాను అని కబురు చేశాడు.

ఆ కబురు సత్యరాజుకి అన్నం తింటుండగా అందింది. ఆ పూట చేప ముల్లు గొంతులో అడ్డుపడిందని చెప్పి సగం అన్నం వదిలేశాడు.

ఇంతలో మార్కెట్లో ఆ రోజు వచ్చింది. చీడికాడ నుంచి దేముడు అనే రైతు వ్యాను నిండా దిమ్మలు తెచ్చాడు. ఆ రోజు మార్కెట్ మొత్తానికి అంత అందమైన రంగు మరొకటి లేదు. నడుము వంగక సత్యరాజు ఆ వరస పేర్చడం సత్తియ్యకి వదిలి, తను అరుగు మీద కూర్చున్నాడు. శ్రీరామచంద్రమూర్తి ముక్క విరిచాడు, నోట్లో వేసుకున్నాడు, తల ఊపాడు. ధర కుదిరింది. గీత గియ్యడానికి సత్యరాజు లేచాడు. వంగబోతే నడుములో కత్తి దిగినట్టయింది. చాప తడమకుండానే, నిలబడినవాడు నిలబడినట్టే, సున్నం గీత గీసేశాడు.

గీసిన వేలు ఇంకా గాల్లోనే ఉంది. ఇన్నేళ్ళలో చాప తడమకుండా గీత గియ్యడం అదే మొదలు. ఆయన దేముడి మొహంలోకి చూశాడు. ఆ మొహంలో బరువు దిగిన వెలుగు కనిపించింది. మామూలు అమ్మకానికి రైతు మొహంలో రావాల్సిన దానికన్నా కాస్త ఎక్కువ వెలుగు.

సత్యరాజు దిమ్మ పట్టుకుని, మూలుగుతూ, మోకాళ్ళ మీద కూలబడ్డాడు. చెయ్యి కింద దూర్చాడు. అరచెయ్యి జిగురుతో తడిసి బయటికి వచ్చింది.

"గీత పడిపోనాది కదయ్యా" అన్నాడు దేముడు. "ఆళ్ళు ముక్క తిన్నారు, బాగుందన్నారు. పిల్లలుగలోణ్ణి. ఇంక ఒగ్గెయ్యి బాబూ."

చుట్టూ జనం ఆగారు. సత్తియ్య గొంతు తగ్గించి, "మామా, నీ గీతే అది. నువ్వే సెరిపేత్తే నీ సెయ్యికి మరింక ఇలవుండదు" అన్నాడు.

సత్యరాజు దిమ్మ నడిమిని గునపంతో కొట్టి విరిచాడు. తన గీత మీదుగానే విరిచాడు. పైన రెండు వేళ్ళ మందం బంగారంలా ఉంది. లోపల అంతా జావ.

శ్రీరామచంద్రమూర్తి ఆ రైతుని తిట్టలేదు. ఆ సరుకుని మళ్ళీ పాకం పట్టి తెమ్మని పంపేశాడు. సత్యరాజు మాత్రం మోకాళ్ళ మీద నుంచి లేవలేదు. చేతిలోని జిగురు వంకే చూస్తున్నాడు. ముక్క బాగుందంటూ తను ఏడాదిన్నరగా ఏం వాదిస్తున్నాడో ఆయనకి తెలిసింది. ఆ రైతు అన్న ప్రతి మాటా తను కన్యకతో అన్నదే.

ఇంటికి వెళ్ళి భార్యతో, "నర్సమ్మా, రేపు ఇశాపట్నం పోదాం" అన్నాడు.

ఆమె ఎందుకని అడగలేదు. గోడకి ఆనుకుని కూర్చుని, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

ఈసారి సూది ఆయనకి అవమానం అనిపించలేదు. ముక్కలు తీసేముందు కన్యక, మీరు ఒప్పుకుంటే నా చదువుకి కూడా రెండు ముక్కలు వాడుకుంటాను, జబ్బు చేసినది ఒకటి, మంచిది ఒకటి అంది. వాడుకోమ్మా అన్నాడు. ఎముకలకి కూడా స్కానింగ్ తీశారు. గురువారం మధ్యాహ్నం కన్యకే వచ్చి ఆయన మంచం పక్కన కూర్చుంది. పెద్ద డాక్టరు చెప్పాల్సింది, తనే చెబుతానని అడిగి వచ్చింది.

"కాన్సరే సత్యరాజు గారూ. గ్రంథి దాటింది. వెన్నెముకలోకి వెళ్ళింది. మందులున్నాయి, ఒక చిన్న ఆపరేషనుంది, నొప్పి తగ్గుతుంది. పూర్తిగా పోదు."

సత్యరాజు మంచం మీద లేచి కూర్చున్నాడు.

"అప్పుడే వచ్చుంటే?"

అబద్ధం చెప్పడం ఆ మనిషికి అవమానం అని ఆమెకి తెలుసు. "అప్పుడు బహుశా గోడ లోపలే ఉండేది" అంది.

"మరి మీ సదువుకి ముక్కలు దొరికేయా?"

"జబ్బుది దొరికింది."

"మంచిది?"

కన్యక తల అడ్డంగా ఊపింది. ఎక్కడ సూది దిగినా జబ్బే. ఆ గ్రంథిలో మంచి ముక్క అన్నదే మిగల్లేదు. తన చావు వార్తకి కూడా చెదరని సత్యరాజు ఆ మాటకి రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. మంచి సరుకు మనిషి అనిపించుకుని బతికినవాడు. తనలో మంచిది ఒక్క ముక్క కూడా దొరకలేదంటే తట్టుకోలేకపోయాడు.

ఇంటికి వచ్చాక అప్పలనర్సమ్మ చెప్పింది, వచ్చే ఆదివారమే ఇమ్మాన్యుయేల్ సాక్ష్యం అని. తమ్ముడికి ఈ సంగతి ఎలా చెప్పాలో ఆమెకి తెలియలేదు. ఫోనులో చెబితే నమ్మడు, బావ నోట వినాలంటాడు. సత్యరాజు పాస్టరు గారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన మంచివాడు, కానీ జంకాడు. "మీ సాక్ష్యం విని విశ్వాసంలోకి వచ్చినవాళ్ళున్నారండీ. ఇప్పుడు కాదంటే వాళ్ళు తొట్రుపడతారు. మీ బావమరిదికి విడిగా చెప్పండి చాలు" అన్నాడు.

ఆదివారం వచ్చింది. మందిరం వెనక పొయ్యి మీద మాంసం ఉడుకుతోంది. తెల్ల చొక్కా తొడుక్కుని, తనే కుట్టుకున్న కొత్త పేంటు వేసుకుని, ఇమ్మాన్యుయేల్ నిలబడ్డాడు. సత్యరాజు ముందు వరసలో బెంచీ అంచు పట్టుకుని కూర్చున్నాడు. పొద్దున బావమరిదిని పక్కకి పిలిచాడు గానీ, అతను అవతల వంటవాళ్ళని కేకేస్తూ, తర్వాత బావా, తర్వాత అని తప్పించుకున్నాడు. ఆ తర్వాత సత్యరాజుకీ నోరు రాలేదు. పిరికితనమే. మరో పేరు లేదు దానికి.

"మా బావ దేవుడి మీద భారం ఏసేడు" అంటున్నాడు ఇమ్మాన్యుయేల్. "రెండోసారి ఆసుపత్రి గుమ్మం తొక్కనేదు. ఇదిగో, మీ ముందరే ఉన్నాడు. నానూ తొక్కను. బావకి సేసిన దేవుడు నాకు సెయ్యడా?"

ఆమెన్ అన్నారు జనం.

ఆ మందిరంలో సాక్ష్యం చెప్పేవాణ్ణి మధ్యలో ఆపినవాడు లేడు. సత్యరాజు బెంచీ పట్టుకుని లేచాడు.

"ఆగరా ఇమ్మాన్యుయేలూ."

గొంతు పెద్దది కాదు. అందరూ విన్నారు.

"నానీ సోట నిలబడి శుద్ధుణ్ణని సెప్పేను. నాకు కాన్సరుంది. అప్పుడూ ఉందేమో. ఎముకల్లోకి ఎల్లిపోనాది. మొన్న గురువారం సెప్పేరు." ఊపిరి తీసుకున్నాడు. "దేవుడు నాకు అబద్ధం సెప్పనేదు. రగతంలో పెరుగుతోంది రా, మళ్ళీ రా అని ఆ పిల్ల నోట ఎన్నిసార్లు పిలిపించేడో. నానే ఎల్లనేదు. ఊరందరి బెల్లానికీ సాప తడిమినోణ్ణి, నా సాప నాను తడమనేదు. మీ ముందు అన్న మాట పోద్దని ఊరుకున్నాను. నా సాక్ష్యం పట్టుకుని ఈడు సచ్చిపోతే ఆ రగతం నా సేతులకే."

తర్వాత బావమరిది వైపు తిరిగాడు. "రెండో ముక్క తీయించుకో రా. నీ కాళ్ళు పట్టుకుంటాను."

నిజంగానే వంగబోయాడు. నడుము వంగలేదు. అప్పలనర్సమ్మ పరుగున వచ్చి పట్టుకుంది.

ఆమెన్ ఎవరూ అనలేదు. వెనక వరసలో బుల్లమ్మ అనే ముసలామె మాత్రం పైకే ఏడ్చింది. ఇమ్మాన్యుయేల్ మొహం మాడిపోయింది. ఇంతమందిలో తన సాక్ష్యాన్ని విరిచేశాడన్న కోపమో, బావ చచ్చిపోతున్నాడన్న భయమో, అతనికే తెలియదు. బయటికి నడిచి, ఆటో ఎక్కి బస్టాండుకి వెళ్ళిపోయాడు. వండిన మాంసాన్ని జనం తలవంచుకుని తిన్నారు.

చాన్నాళ్ళు అతని నుంచి కబురు లేదు. సత్యరాజుకి చిన్న ఆపరేషన్ అయింది, మందులు పడ్డాయి, నొప్పి కాస్త సర్దుకుంది. మార్కెట్‌కి పోవడం మానేశాడు. సున్నం డబ్బా గోడ మేకుకి వేలాడుతూ ఉండేది. వాకిట్లో ఆటో చప్పుడైతే తల తిప్పి చూసేవాడు. ఎవరికోసం అని అప్పలనర్సమ్మ అడిగేది కాదు. సంఘంలో కొందరు పలకరించడం తగ్గించారు. కొందరు మాత్రం మెల్లగా వచ్చి, ఆ రక్త పరీక్ష ఎక్కడ చేస్తారండీ అని, పక్కన ఆడవాళ్ళు లేకుండా చూసి అడిగి వెళ్ళేవారు.

మళ్ళీ చెరుకు కోతలు మొదలయ్యేసరికి ఆయన మంచం పట్టాడు. మందులు పనిచెయ్యడం మానేశాయి. ఒక సాయంత్రం వాకిట్లో ఆటో ఆగింది. ఇమ్మాన్యుయేల్ ఒక చేత్తో ఆటో చట్రం, ఇంకో చేత్తో పొట్ట పట్టుకుని దిగాడు. చిక్కిపోయాడు. అప్పలనర్సమ్మ పరుగున ఎదురెళ్ళి తమ్ముడి చెయ్యి పట్టుకుంది.

అతను వచ్చి మంచం పక్క చాప మీద మెల్లగా కూర్చున్నాడు.

"ఎల్లేను బావా" అన్నాడు. "కోపం తగ్గేక ఎల్లేను. రెండోసారి తీసిన ముక్కల్లో ఒకదాన్లో ఉంది. ఒక్కదాన్లోనే. గ్రంథి మొత్తం తీసేసేరు."

"దాటిందా?"

"దాటనేదు. గోడలోపలే ఉందన్నారు."

సత్యరాజు కళ్ళు మూసుకున్నాడు. కళ్ళ చివరల నుంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి. తుడుచుకోలేదు.

ఇమ్మాన్యుయేల్ చెప్పుకుపోయాడు. కన్యకమ్మ అతని గ్రంథిలోంచి కూడా ముక్కలు తీసుకుంది. అడిగి తీసుకుంది. ఆ ప్రోటీన్ ఉన్నచోట రంగు పట్టే మందు వేసి, గాజు పలకల్ని పక్కపక్కన పెట్టి, మైక్రోస్కోపు మిషనులోంచి అతనికి చూపించింది.

"ఒకటి నీదంట బావా. పాలిపోయి ఉంది. దాని పక్కనే నాది. నాదాన్లో జబ్బు సేసిన సోటా అలగే ఉంది. మిగతాదంతా..." అతను చేత్తో గాల్లో చుట్టి చూపించాడు. "మిగతాదంతా ముదురు బెల్లం రంగు బావా. నీ దగ్గిర దొరకని మంచి ముక్క నా దాన్లో దొరికిందని ఆ డాక్టరమ్మ సెప్పింది. రెండూ ఒక్క దగ్గిరే ఎట్టింది. నీదీ, నాదీ."

సత్యరాజు కళ్ళు తెరిచాడు. మేకు వైపు చూసి, "డబ్బా" అన్నాడు.

అప్పలనర్సమ్మకి ముందు అర్థం కాలేదు. తర్వాత సున్నం డబ్బా తీసి మూత విప్పింది. ఏడాదిగా ఎవరూ తియ్యక సున్నం ఎండి పెచ్చులు కట్టింది. ఆమె నాలుగు చుక్కల నీళ్ళు వేసి, వేలితో మెదిపి, ఆయన చేతికి అందేలా పట్టుకుంది.

సత్యరాజు ముందు చెయ్యి మంచం మీద నుంచి కిందికి జార్చాడు. బావమరిది కూర్చున్న చాప అంచుని తడిమాడు. పాత అలవాటు. ఆ తర్వాత సున్నంలో వేలు ముంచి, ఇమ్మాన్యుయేల్ అరచేతిలో ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక గీత గీశాడు. గీత వంకర పోలేదు.

"ఇప్పుడు సెప్పుకో రా నీ సాక్ష్యం" అన్నాడు.

ఇమ్మాన్యుయేల్ ఆ చెయ్యిని గుండెకి హత్తుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సున్నం తెల్ల చొక్కాకి అంటింది. ఆ నెలాఖరున సత్యరాజు సమాధిలో మొదటి పిడికెడు మట్టి వేసింది ఆ చెయ్యే.